గడ్డ కరిగించే మందు ఎవరి కోసం?

ఒకప్పుడు మన వాడల్లో మనుషులు కలరాతో పోయేవాళ్లు, క్షయతో పోయేవాళ్లు, కాన్పుల్లో పోయేవాళ్లు. ఆ చావులు పూర్తిగా ఆగనే లేదు, వాటికి తోడు గుండెపోటు వచ్చి చేరింది. నలభై, యాభై ఏళ్ల మనిషి పొద్దున కూలికి పోయి సాయంత్రానికి శవమై ఇంటికొస్తున్నాడు. "తిని కూర్చునే షావుకార్ల జబ్బు గదా, మనకెందుకొస్తుంది" అనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. బీడీ, పొగాకు, కల్తీ సారా, పట్టించుకోని బీపీ, తెలియని షుగరు, అప్పుల దిగులు, ఇవన్నీ కలిసి మన గుండె నాళాలను తినేస్తున్నాయి.

చావు ఇంటికి పోతే పెద్దలు "రాసిపెట్టి ఉంది" అంటారు. మేము ఆ మాటను ఒప్పుకోము. గుండెపోటుకు మందు ఉంది. అది నిన్న మొన్న కనిపెట్టింది కాదు. లక్షల మంది ప్రాణాలు నిలబెట్టగలదని తేలి దాదాపు నలభై ఏళ్లు అవుతోంది. మరి ఆ మందు ఏమిటి, ఎట్లా పని చేస్తుంది, దాంట్లో ప్రమాదం ఎంత, ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదు? ఈ సంగతులు డాక్టర్ల దగ్గరే ఉండిపోతే మనకేం లాభం? మనకూ తెలియాలి. తెలిసినవాడే అడగగలడు.

కాలవకు అడ్డం పడితే

గుండె కూడా ఒక కండరమే. దానికీ రక్తం కావాలి. గుండె మీదుగా పాకే సన్నటి నాళాలు ఆ రక్తాన్ని తెస్తాయి. ఏళ్ల తరబడి వాటి గోడల్లో కొవ్వు పేరుకుంటుంది. ఒకనాడు ఆ కొవ్వు మీది పొర పగులుతుంది. పగిలిన చోట గాయమైందనుకుని రక్తం గడ్డకడుతుంది. కొడవలి తగిలి వేలు తెగితే రక్తం ఆపి మనల్ని కాపాడే గుణమే ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. నాళం మూసుకుపోతుంది.

కాలవ చివరి పొలం సంగతి మనకు ఒకరు చెప్పక్కర్లేదు. పైన అడ్డం పడితే ముందు ఎండేది ఆ చేనే. వెంటనే అడ్డు తీస్తే పైరు తేరుకుంటుంది. ఆలస్యంగా తీస్తే నీళ్లు వస్తాయి గానీ అప్పటికి పైరు ఉండదు. గుండె కండరానికి ఉన్న గడువు రోజుల్లో కాదు, గంటల్లో. అరగంట దాటిందంటే కండరం చావడం మొదలవుతుంది. ఆరు నుంచి పన్నెండు గంటల్లో చావాల్సిందంతా దాదాపు చచ్చిపోతుంది. చచ్చిన గుండె కండరం మళ్లీ మొలవదు.

మన రక్తంలోనే గడ్డను కరిగించే పదార్థం ఒకటి నిద్రపోతూ ఉంటుంది. దాని పేరు ప్లాస్మినోజెన్. దాన్ని లేపితే ప్లాస్మిన్‌గా మారి, గడ్డను పట్టి ఉంచే దారాలను కోసేస్తుంది. గడ్డ కరిగించే మందులన్నీ చేసే పని ఈ నిద్ర లేపడమే. 1933లో అమెరికాలో విలియం టిలెట్ అనే డాక్టరు, గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ క్రిమి మనిషి రక్తపు గడ్డను కరిగిస్తుందని గమనించాడు. ఆ క్రిమి నుంచి తీసిన మందే స్ట్రెప్టోకైనేజ్. తర్వాత మనిషి శరీరంలోనే ఉండే పదార్థాన్ని ప్రయోగశాలలో తయారు చేసి ఆల్టెప్లేస్ అన్నారు. దానికి 1987లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. దాన్నే ఇంకొంచెం మార్చి చేసింది టెనెక్టెప్లేస్. స్ట్రెప్టోకైనేజ్‌ను 15 లక్షల యూనిట్లు సుమారు గంటసేపు సెలైన్‌లో ఎక్కించాలి. టెనెక్టెప్లేస్ అయితే మనిషి బరువును బట్టి ఒక్క సూదిలో నరానికి ఇచ్చేస్తారు.

రుజువు ఎక్కడుంది?

ఊరికే నమ్మమని మేము చెప్పడం లేదు. 1986లో ఇటలీలో ఒక పెద్ద పరిశోధన బయటికి వచ్చింది. ఎక్కడో ఒక పెద్ద సంస్థలో నలుగురు నిపుణులు చేసింది కాదు. దేశమంతటా 176 గుండె వార్డుల్లో మామూలు డాక్టర్లు, 11,000 మందికి పైగా రోగుల మీద చేశారు. స్ట్రెప్టోకైనేజ్ ఇవ్వనివాళ్లలో మూడు వారాల్లో నూటికి 13 మంది చనిపోతే, ఇచ్చినవాళ్లలో నూటికి 10.7 మంది చనిపోయారు. నొప్పి మొదలైన గంటలోపే మందు పడినవాళ్లలో చావులు దాదాపు సగానికి తగ్గాయి.

1988లో మరో పరిశోధన వచ్చింది. 17,187 మంది రోగులు. ఏ మందూ పడనివాళ్లలో ఐదు వారాల్లో నూటికి 13 మంది పోయారు. స్ట్రెప్టోకైనేజ్, దాంతోపాటు ఆస్పిరిన్ బిళ్ల పడినవాళ్లలో నూటికి 8 మంది పోయారు. అర్థణా బిళ్ల అని మనం తీసిపారేసే ఆస్పిరిన్ ఒక్కటే కూడా చావులను దాదాపు నాలుగో వంతు తగ్గించింది. ఈ లెక్క ప్రతి ఆశా కార్యకర్తకూ, ప్రతి ఆర్‌ఎంపీ డాక్టరుకూ నోటికి రావాలి.

తర్వాత 50,000 మందికి పైగా రోగుల లెక్కలు కలిపి చూశారు. మొదటి గంటలో మందు పడితే వెయ్యి మందిలో 65 మంది అదనంగా బతికారు. రెండో గంటలో పడితే 37 మంది. ఆరు గంటలు దాటి పన్నెండు లోపల పడితే 18 మంది. పన్నెండు గంటలు దాటితే ఇక చాలామందికి ఆ మందు ఇచ్చినా పెద్దగా లాభం ఉండదు. మందు అదే, జబ్బూ అదే. మధ్యలో మారింది గడియారం ఒక్కటే. వాడ నుంచి రోడ్డుకు, రోడ్డు నుంచి బస్సుకు, బస్సు నుంచి టౌనుకు, టౌను ఆసుపత్రిలో చీటీ కోసం వరుసకు – మన మనిషికి ఆ గంటలన్నీ ఇక్కడే అయిపోతున్నాయి.

చంపుతున్నది పేద ఒళ్లు కాదు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో మన దేశపు లెక్క ఒకటి అచ్చయింది. 'క్రియేట్' అని దాని పేరు. 50 నగరాల్లో 89 ఆసుపత్రులు, దాదాపు 21,000 మంది గుండె రోగులు. నాళం పూర్తిగా మూసుకుపోయిన రకం గుండెపోటు వచ్చినవాళ్లు నొప్పి మొదలయ్యాక ఆసుపత్రి చేరడానికి పట్టిన సమయం ఎంత? సగం మందికి ఆరు గంటలు, అంతకు మించి. ఆసుపత్రికి చేరాక గడ్డ కరిగించే మందు పడటానికి మాత్రం 50 నిమిషాలు. అంటే ఆలస్యం ఎక్కడ జరుగుతోందో చూడండి. ఆసుపత్రి గోడల లోపల కాదు, బయట, దారిలో.

ఆ లెక్కల్లోనే ఇంకో మాట ఉంది. నెలలోపు చనిపోయినవాళ్లు డబ్బున్నవాళ్లలో నూటికి 5.5 మంది, పేదల్లో నూటికి 8.2 మంది. పేదవాళ్లకు రుజువైన మందులూ వైద్యాలూ తక్కువగా అందాయి. మరి పేదవాడి ఒళ్లు బలహీనం కాబట్టి చచ్చాడా? కాదు. ఇద్దరికీ అందిన వైద్యాన్ని సమానం చేసి లెక్క కడితే ఆ తేడా మాయమైపోయింది. ఈ ఒక్క వాక్యాన్ని గోడల మీద రాయాలి. పేదవాడు పేదవాడు కాబట్టి చావలేదు. ధనవంతుడికి ఇచ్చిన మందు అతనికి ఇవ్వలేదు కాబట్టి చచ్చాడు.

ఆ లెక్కలో ఉన్నవి నగరాల ఆసుపత్రులు. ఆసుపత్రి గడప తొక్కకుండానే మంచంలో, చేలో, ఆటోలో పోయినవాళ్లు అందులో లేరు. వాళ్లను లెక్క పెడితే ఆ అంతరం ఇంకెంతవుతుందో మీరే ఆలోచించండి.

ప్రమాదం లేదా? ఉంది

ఇక్కడ మేము దాచకుండా చెప్పాలి. ఈ మందు మామూలు సెలైన్ కాదు, బలం సూది కాదు. గుండెలో గడ్డ ఏది, మెదడులో గాయం మీద కట్టుకున్న మంచి గడ్డ ఏది అని దానికి పూర్తిగా తేడా తెలియదు. దొరికిన గడ్డనల్లా కరిగిస్తుంది. అందుకే రక్తస్రావం అవుతుంది. చిగుళ్ల నుంచి, సూది గుచ్చిన చోట నుంచి, మూత్రంలో, మలంలో రక్తం పోవచ్చు. అన్నిటికన్నా భయంకరమైనది మెదడులో రక్తం పోవడం.

ఎంతమందికి? 1994లో 58,600 మంది రోగుల లెక్కలు కూడితే తేలింది ఇది: మందు పడిన వెయ్యి మందిలో సుమారు 4 మందికి అదనంగా మెదడు దెబ్బ తగిలింది. వాళ్లలో సగం మంది చనిపోయారు. అదే లెక్కలో ఆరు గంటల లోపు మందు పడినవాళ్లలో, ఆ చావులను తీసేశాక కూడా, వెయ్యికి 30 మంది బతికారు. ఒకవైపు 30, ఇంకోవైపు 4. తూకం ఎటు మొగ్గుతుందో తెలుస్తూనే ఉంది. కానీ ఆ నలుగురూ మనుషులే. వాళ్ల ఇళ్లలోనూ పిల్లలున్నారు. ఆ నలుగురిని తగ్గించడానికి వైద్యశాస్త్రంలో పద్ధతులున్నాయి. వాటిని పాటించమని అడగటం కూడా మన హక్కే.

మొదటిది, ఈసీజీ లేకుండా ఈ మందు ఇవ్వకూడదు. ఛాతీ నొప్పులన్నీ ఒకటి కావు. ఈసీజీలో నాళం పూర్తిగా మూసుకుపోయిన గుర్తులు కనిపిస్తేనే ఈ మందుతో లాభం. మరో రకం గుండెపోటులో ఇది మేలు చేయదు, కీడు చేయొచ్చు కూడా. ఛాతీలో పెద్ద రక్తనాళం చీలినప్పుడు కూడా నొప్పి గుండెపోటులాగానే వస్తుంది. అప్పుడు ఈ మందు ఇస్తే మనిషి దక్కడు.

రెండోది, అడగాల్సిన ప్రశ్నలు అడగాలి. ఇంతకు ముందు ఎప్పుడైనా మెదడులో రక్తం పోయిందా? మూడు నెలల లోపు పక్షవాతం వచ్చిందా? తలకు గట్టి దెబ్బ తగిలిందా? ఈమధ్య ఆపరేషన్ అయిందా? కడుపులో పుండు పగిలి రక్తం పడుతోందా? రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? గర్భిణీనా? బీపీ ఎంతుంది? 180 మీద 110 దాటి ఉంటే ముందు దాన్ని దించాలి. ఈ ప్రశ్నలకు ఐదు నిమిషాలు చాలు. గోడకు అంటించిన ఒక కాగితం, ఆ కాగితం చదివి అడిగే ఒక నర్సమ్మ ఉంటే చాలు.

మూడోది, స్ట్రెప్టోకైనేజ్ ఒకసారి పడినవాళ్లకు మళ్లీ అదే మందు వేయకూడదు. క్రిమి నుంచి వచ్చిన మందు కాబట్టి మన ఒళ్లు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. రెండోసారి వేస్తే పని చేయకపోవచ్చు, ఒంటికి పడకపోవచ్చు. మొదటిసారి కూడా వేగంగా ఎక్కిస్తే బీపీ పడిపోతుంది. అందుకే ఏ మందు వేశారో చీటీ మీద రాయించుకోండి. ఆ చీటీని రేషన్ కార్డు, ఆధార్ కార్డుతో పాటు భద్రం చేయండి.

నాలుగోది మన ఊళ్లలో చాలా ముఖ్యం. ఛాతీ నొప్పి అనగానే పిర్రకో జబ్బకో నొప్పి సూది వేయించుకోవడం మనకు అలవాటు. ఆ తర్వాత ఆసుపత్రిలో గడ్డ కరిగించే మందు పడితే, ఆ సూది గుచ్చిన కండలో రక్తం చేరి గడ్డలా ఉబ్బుతుంది. ఆర్‌ఎంపీ అన్నలకు మేము చెప్పేది ఒకటే. అర్ధరాత్రి మా వాడలోకి వచ్చేది మీరే, ఆ సంగతి మేము మర్చిపోలేదు. కానీ ఛాతీ నొప్పికి కండ సూది వద్దు. ఆస్పిరిన్ పడనివాళ్లు, రక్తం పడుతున్నవాళ్లు కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించండి, వెంటనే బండి ఎక్కించండి. "గ్యాసు" అని చెప్పి తెల్లవారే దాకా ఉంచకండి.

మందు పడ్డాక కూడా ఒక రోజంతా కనిపెట్టి ఉండాలి. గట్టిగా తలనొప్పి వచ్చినా, వాంతి అయినా, మాట తడబడినా, మనిషి మగతగా పడిపోయినా వెంటనే నర్సును పిలవాలి.

పక్షవాతం సంగతి వేరు

గడ్డ మెదడు నాళంలో అడ్డం పడితే మూతి వంకర పోతుంది, చెయ్యి పడిపోతుంది, మాట ముద్దవుతుంది. దీనికి కూడా గడ్డ కరిగించే మందు ఉంది. 1995లో అమెరికాలో 624 మంది మీద చేసిన పరిశోధన, మూడు గంటల లోపు ఆల్టెప్లేస్ పడితే మూడు నెలల తర్వాత తన కాళ్ల మీద తాను నడిచే స్థితికి వచ్చేవాళ్లు పెరిగారని చూపింది. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటల దాకా పెరిగింది.

కానీ ఇక్కడ ప్రమాదం ఎక్కువ. ఆ పరిశోధనలో మందు పడినవాళ్లలో నూటికి 6.4 మందికి మెదడులో రక్తం పోయింది. మందు పడనివాళ్లలో నూటికి ఒక్కరికి కూడా కాలేదు. పైగా పక్షవాతం రెండు రకాలు. ఒకటి నాళం మూసుకుపోయి వచ్చేది, రెండోది నాళం చిట్లి రక్తం పోయి వచ్చేది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండో రకంలో ఈ మందు ఇస్తే చంపినట్టే. అందుకే తలకు సీటీ స్కాన్ తీయకుండా పక్షవాతానికి ఈ మందు ఇవ్వకూడదు. స్కాన్ అయ్యేదాకా ఆస్పిరిన్ కూడా ఇవ్వకూడదు. గుండెకు పనికొచ్చే స్ట్రెప్టోకైనేజ్‌ను పక్షవాతానికి వాడి చూస్తే చావులు పెరిగాయని 1990ల్లోనే తేలింది. ఆ పరిశోధనలను మధ్యలోనే ఆపేశారు. చవక గదా అని పక్షవాతానికి దాన్ని ఎక్కించే పని ఎవరూ చేయకూడదు.

ఆకు పసరు, పావురం రక్తం పూసి ఆ నాలుగున్నర గంటలు పోగొట్టుకోకండి. పావురం రక్తంతో చెయ్యి లేవదు. ఆ సమయంలో సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేరితే లేచే అవకాశం ఉంది.

"పేదలకు సూది, పెద్దలకు స్టెంటా?"

మన కార్యకర్తల్లోనే కొందరు అడుగుతున్నారు. "డబ్బున్నవాళ్లు నేరుగా స్టెంటు వేయించుకుంటుంటే, మనకు మాత్రం పాత మందు చాలంటారా?" ప్రశ్న న్యాయమైనదే. జవాబు కూడా సూటిగా చెప్పుకోవాలి.

నాళంలోకి తీగ పంపి అడ్డు తీసి స్టెంటు వేసే పద్ధతి, సమయానికి జరిగితే సూది కంటే మేలే. మెదడులో రక్తం పోయే భయం కూడా తక్కువ. కానీ ఆ "సమయానికి" అన్న మాట దగ్గరే మన బతుకు ఆగిపోతుంది. రెండు గంటల లోపు ఆ పని జరగదు అనుకుంటే ముందు సూది వేసి ఆ తర్వాత తరలించాలని వైద్యుల నియమాలే చెబుతున్నాయి. 2013లో 1,892 మంది మీద చేసిన పరిశోధనలో, గంటలో స్టెంటు అందని రోగులకు ముందు టెనెక్టెప్లేస్ వేసి తర్వాత యాంజియోగ్రామ్ చేస్తే, నేరుగా స్టెంటుకు పంపినవాళ్లతో దాదాపు సమానంగా కోలుకున్నారు. మెదడులో రక్తం పోవడం మాత్రం సూది పడినవాళ్లలో కొంచెం ఎక్కువ కనిపించింది. 75 ఏళ్లు దాటినవాళ్లకు మందు సగానికి తగ్గించాక అది తగ్గింది.

అంటే సూది స్టెంటుకు పోటీ కాదు. దారిలో చావకుండా నిలబెట్టే మొదటి మెట్టు. సూదితో అందరికీ గడ్డ కరగదు. చాలామందికి కరగకుండా ఉండిపోతుంది, కరిగినా మళ్లీ కట్టొచ్చు. కాబట్టి సూది వేసి "ఇక ఇంటికి పో" అంటే సగం వైద్యమే చేసినట్టు. సూది పడ్డాక ఒక రోజులోపు యాంజియోగ్రామ్ చేసే చోటికి తీసుకుపోవాలి. గడ్డ కరగకపోతే ఇంకా ముందే తీసుకుపోవాలి. మనం రెండు మెట్లూ అడుగుదాం. మొదటిది మండలం దగ్గర, రెండోది జిల్లాలో.

మందు ధర సంగతి కూడా చూద్దాం. 1993లో 41,000 మంది మీద స్ట్రెప్టోకైనేజ్‌నూ ఆల్టెప్లేస్‌నూ పోల్చి చూశారు. ఖరీదైన ఆల్టెప్లేస్ వెయ్యికి సుమారు 10 మందిని అదనంగా కాపాడింది. కానీ మెదడులో రక్తం పోవడం దాంట్లోనే కొంచెం ఎక్కువ. ఖరీదైనదల్లా అన్ని విధాలా మేలైనది కాదు, చవకైనదల్లా పనికిరానిది కాదు. క్యూబా లాంటి చిన్న దేశం 1990ల్లో స్ట్రెప్టోకైనేజ్‌ను సొంతంగా తయారు చేసుకుని తన ప్రజలకు ఇచ్చుకుంది. మన దేశంలో చండీగఢ్‌లోని ప్రభుత్వ సూక్ష్మజీవుల పరిశోధన సంస్థ దాన్ని తయారు చేసే విద్యను సాధించింది. మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ దాన్ని ఇండికినేజ్ పేరుతో తయారు చేసింది. టెనెక్టెప్లేస్‌ను పుణెలోని జెనోవా కంపెనీ తయారు చేస్తోంది. 2022లో టెనెక్టెప్లేస్‌ను దేశపు అత్యవసర మందుల జాబితాలో చేర్చారు. మందు దేశంలో ఉంది, తయారు చేసే చేతులు దేశంలో ఉన్నాయి. లేనిది మన వాడకు దగ్గర్లో ఉన్న ఆసుపత్రి అలమరలోనే.

సర్కారు ఏం చేసింది, ఏం చేయాలి

2005లో 108 బండ్లు వచ్చాయి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. రెండూ మన ప్రాణాలకు పనికొచ్చాయి, కాదనడం లేదు. కానీ ఆరోగ్యశ్రీ డబ్బు ఎక్కువగా పెద్ద ఆపరేషన్లకు, పెద్ద ఆసుపత్రులకు పోయింది. నొప్పి మొదలైన మొదటి రెండు గంటల్లో మండలం దగ్గర జరగాల్సిన పని వెనకబడిపోయింది.

ఇట్లా కాకుండా చేయొచ్చని పక్క రాష్ట్రం చూపించింది. తమిళనాడులో చిన్న ఆసుపత్రులను పెద్ద ఆసుపత్రులతో ముడివేశారు. చిన్నచోట ఈసీజీ తీసి పంపడం, సూది వేయడం, తర్వాత పెద్దచోటికి తరలించడం. 2017లో అచ్చయిన ఆ లెక్కలో, ఏడాదిలో చనిపోయినవాళ్లు నూటికి 17.6 నుంచి 14.2కు తగ్గారు. 2023లో ఆంధ్రప్రదేశ్‌లోనూ ఐసీఎంఆర్‌తో కలిసి 'స్టెమీ' పేరుతో ఇలాంటి పథకం మొదలుపెట్టారు. ఏరియా ఆసుపత్రుల్లో ఈసీజీ తీసి, ఖరీదైన సూదిని ఉచితంగా వేస్తామన్నారు. తెలంగాణలోనూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇదే పేరుతో ఏర్పాట్లు జరిగాయి. మంచిదే. అయితే కాగితం మీద ఉన్న సూది గడ్డను కరిగించదు. మన ఏరియా ఆసుపత్రిలో అది ఈ రాత్రి ఉందా? వేయడం వచ్చిన మనిషి డ్యూటీలో ఉన్నాడా? పోయి చూడాల్సింది మనమే.

ముట్టుకోకుండా వైద్యం లేదు

అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఒక సంగతి నమోదు చేశాడు. 1929లో కాఠియవాడ్‌లో ఒక దళిత ఉపాధ్యాయుడి భార్యకు కాన్పు తర్వాత జబ్బు చేసింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఫీజుకు ఊరిపెద్ద పూచీ పడ్డాక, వాడ బయటికి తెస్తేనే చూస్తానన్నాడు. థర్మామీటరును మరో మనిషి చేతికిచ్చి, ఆ మనిషి నుంచి భర్త చేతికి, భర్త నుంచి ఆమెకు అందేట్టు చేశాడు. మళ్లీ రానన్నాడు. ఆ తల్లి చనిపోయింది.

ఆ కాలం పోయింది అంటారు. గుండెపోటు వైద్యం ఎట్లా ఉంటుందో చూడండి. ఈసీజీ తీయాలంటే చొక్కా విప్పి ఛాతీ మీద చేయి వేయాలి. గుండె ఆగితే రెండు చేతులతో రొమ్ము అదమాలి. దూరం నుంచి చూసి "టౌనుకు తీసుకుపోండి" అని చీటీ రాసేవాడు ఈ వైద్యం చేయలేడు. కులం పేరు అడగకుండానే దూరం పాటించవచ్చు. మురికి బట్టలని, చదువు రాదని, "వీళ్లకు చెప్పినా అర్థం కాద"ని పక్కన కూర్చోబెట్టిన ప్రతి అరగంటా ఆ పాత థర్మామీటరు పనే చేస్తుంది.

సంతకం సంగతీ అంతే. "ఇక్కడ వేలిముద్ర వేయండి, ఏమైనా అయితే మాకు సంబంధం లేదు" అని భయపెట్టి కాగితం ముందు పెడతారు. భయపడి కొందరు వద్దంటారు. మనిషి చనిపోతాడు, తప్పు బంధువుల మీదికి పోతుంది. వెయ్యి మందిలో ఎంతమంది బతుకుతారు, ఎంతమందికి రక్తం పోతుంది, ఈ మనిషికి ఎందుకు వేస్తున్నాం అని రెండు నిమిషాలు మన తెలుగులో చెబితే అర్థం కానివాళ్లు ఎవరూ లేరు. ఎరువు మోతాదు, పురుగుమందు మోతాదు లెక్కలు చేసే మన జనానికి ఈ లెక్క అర్థం కాదా?

అన్నలారా, అక్కలారా, ఈ పక్షంలో ప్రతి సంఘం తన ఏరియా ఆసుపత్రికి పోయి ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా అడగాలి. ఈసీజీ మిషను పని చేస్తోందా? రాత్రిపూట దాన్ని తీసేవాళ్లున్నారా? తీసిన ఈసీజీని చదివే డాక్టరుతో ఫోను సంబంధం ఉందా? గడ్డ కరిగించే మందు ఏది ఉంది, ఎన్ని మోతాదులు ఉన్నాయి, గడువు తేదీ ఎప్పుడు? ఎవరికి వేయకూడదో చెప్పే కాగితం గోడ మీద ఉందా? గుండె ఆగితే కొట్టుకునేట్టు చేసే షాకు మిషను ఉందా? సూది పడ్డాక జిల్లాకు తరలించే బండి ఎంతసేపట్లో వస్తుంది? పోయిన ఆరు నెలల్లో ఎంతమందికి వేశారు, ఎంతమంది బతికారు, ఎంతమందికి రక్తస్రావం అయింది? జవాబు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగాలి. 2005 నుంచి ఆ చట్టం ఉంది, తెల్లకార్డు ఉన్నవాళ్లకు ఆ ఫీజు కూడా లేదు.

వాడలో మనం చేయాల్సిన పని కూడా ఉంది. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికీ దవడకూ పాకే నొప్పి, ఊపిరాడకపోవడం కనిపిస్తే గ్యాసు అని కూర్చోవద్దు. షుగరున్నవాళ్లకు, ఆడవాళ్లకు కొన్నిసార్లు నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే రావచ్చు. ఆ మనిషిని నడిపించవద్దు, వెంటనే 108కి ఫోను చేయండి. దారిలో మొదట ఈసీజీ, సూది ఉన్న ఆసుపత్రి దగ్గర ఆపించండి. నొప్పి ఏ గంటకు మొదలైందో గుర్తు పెట్టుకుని డాక్టరుకు చెప్పండి. అక్కడ మొదటి ప్రశ్న అదే.

చేలో కాలవ నీళ్ల కోసం మన తాతలు కొట్లాడారు. చెరువులో నీళ్లు ముట్టుకోవడానికి మహాడ్‌లో అడుగేశారు. మన గుండెకు రక్తం పారడానికి మండలంలో మందు ఉండాలని అడగటం అంతకన్నా పెద్ద కోరికేమీ కాదు. వచ్చే సంచిక నాటికి మీ ఆసుపత్రి ఇచ్చిన జవాబులు మాకు రాసి పంపండి. ఇచ్చిన జవాబును ఇచ్చినట్టు, ఇవ్వకపోతే ఇవ్వలేదని, ఆసుపత్రి వారీగా అచ్చు వేస్తాం.